కాటు కోసం ఎదురుచూసిన పిల్ల



2016 సంవత్సరం చివర్లో పనామా కాలువ దగ్గర ఒక సరుకుల ఓడ ఆగిపోయింది. రవాణా సంస్థ దివాలా తీసింది. అప్పులవాళ్లు మీద పడ్డారు. దాంతో ఓడలో ఉన్నది ఓడలోనే ఉండిపోయింది. ఆ సరుకులో పది వేల పుస్తకాలున్నాయి. పది వేలూ ఒకే పుస్తకం ప్రతులు. అదే మొదటి ముద్రణ మొత్తం. అక్టోబరు నాటికి అమెరికాలో దుకాణాలకు చేరాల్సిన ఆ పుస్తకం ఎప్పుడు ఒడ్డుకు చేరుతుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

ఆ పుస్తకం రాసి, బొమ్మలు గీసిన మనిషి పేరు ఎమిల్ ఫెర్రిస్. అమెరికాలోని షికాగో నగరవాసి. అప్పటికి ఆవిడకు యాభై నాలుగేళ్లు. అదే ఆవిడ మొదటి పుస్తకం. దాని మీద ఆరేళ్లు పనిచేశారు. అచ్చువేసేవాళ్లు దొరికేలోగా 48 మంది కాదన్నారు. ఆ పుస్తకం పేరు ‘మై ఫేవరెట్ థింగ్ ఈజ్ మాన్‌స్టర్స్’. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రాక్షసులు అని ఒక పదేళ్ల పిల్ల చెప్పుకునే కథ. హారర్ కామిక్స్ అని మనం పిలుచుకునే దయ్యాల బొమ్మల కథల్లో గత పాతికేళ్లలో వచ్చిన గొప్ప పుస్తకం ఏదంటే నేను ముందుగా దీని పేరే చెబుతాను. బొమ్మల పుస్తకాన్ని రేడియోలో మీకు చూపించలేను. అందుకని నెమ్మదిగా, వివరంగా చెబుతాను. కళ్లు మూసుకుని వినగలిగితే ఇంకా మంచిది.

ముందు ఈ రకం కథలకు అమెరికాలో జరిగిందేమిటో కొంత చెప్పాలి. 1950లో ఈసీ కామిక్స్ అనే చిన్న సంస్థ మూడు దయ్యాల పత్రికలు మొదలుపెట్టింది. ‘టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్’ వాటిలో బాగా పేరుపడ్డది. భార్యను చంపి పూడ్చిపెట్టిన మొగుడి ఇంటి తలుపు తట్టడానికి ఆ శవం మట్టి రాల్చుకుంటూ నడిచి వచ్చే తరహా కథలవి. భయంకరంగా ఉండేవి, కానీ వాటిలో ఒక న్యాయం ఉండేది. బతికుండగా న్యాయం దొరకని మనిషి చచ్చాక వచ్చి తీసుకునేది. బొమ్మలు గీసినవాళ్లు సామాన్యులు కారు. గ్రాహమ్ ఇంగెల్స్ గీసిన కుళ్లిన శవాలను, జాక్ డేవిస్ గీసిన వెకిలి ముఖాలను ఇప్పటికీ బొమ్మలు నేర్చుకునేవాళ్లు ముందు పెట్టుకుని గీస్తారు.

1954లో దీనికి బ్రేకు పడింది. ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు, ఈ పత్రికల వల్లే పిల్లలు నేరస్తులవుతున్నారని పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం న్యూయార్క్‌లో విచారణ పెట్టింది. ఏప్రిల్ 21న ఈసీ యజమాని విలియమ్ గేన్స్‌ను నిలబెట్టి, తెగిన తల చేత్తో పట్టుకున్న హంతకుడి ముఖచిత్రం చూపించి, ఇది మంచి అభిరుచేనా అని సెనేటర్ కెఫావర్ అడిగాడు. దయ్యాల పత్రిక ముఖచిత్రంగా అభిరుచి లోపించలేదనే గేన్స్ జవాబు చెప్పాడు. ఆ జవాబు అతన్ని ముంచింది. ప్రభుత్వం ఇంక చట్టం చెయ్యనక్కర్లేకుండానే ప్రచురణకర్తలందరూ కలిసి తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. పత్రిక పేరులో హారర్, టెర్రర్ అన్న మాటలు వాడకూడదు. నడిచే శవాలు ఉండకూడదు. రక్తపిశాచాలు ఉండకూడదు. తోడేలుగా మారే మనుషులు ఉండకూడదు. ఆ నియమావళి ముద్ర లేని పత్రికను టోకు వ్యాపారులు తీసుకోలేదు. కొద్ది నెలల్లో ఈసీ దయ్యాల పత్రికలన్నీ మూతపడ్డాయి.

ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటుంది. పసిపిల్లల చేతికి తెగిన తలకాయ బొమ్మ ఇవ్వకూడదంటే నాకు అభ్యంతరం లేదు. కానీ అక్కడ ఆగలేదు. పెద్దవాళ్ల కోసం పెరగగలిగిన ఒక కళారూపాన్ని పట్టుకుని, నువ్వు ఎప్పటికీ పిల్లల వస్తువుగానే ఉండు అన్నారు. దానికి ఆధారమన్న పరిశోధన సంగతీ తర్వాత బయటపడింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే కేరల్ టిల్లీ అనే పరిశోధకురాలు వెర్థామ్ సొంత కాగితాలు పరిశీలించి, అతను పిల్లల మాటలను మార్చి, కలిపి, తనకు కావలసినట్టు రాసుకున్నాడని 2012లో చూపించారు. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.

నియమావళి రంగుల కామిక్ పుస్తకాలకే వర్తించింది. పెద్ద సైజులో, నలుపు తెలుపుల్లో వచ్చే మాగజైన్లకు వర్తించలేదు. ఆ సందులోంచి రాక్షసులు మళ్లీ వచ్చారు. 1958లో ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్’ వచ్చింది. లోపల పాత సినిమాల ఫోటోలు, పైన బేసిల్ గోగోస్ వేసిన ముఖచిత్రాలు. పచ్చ, ఊదా, నారింజ వెలుగుల్లో రాక్షసుల ముఖాలు. 1964లో ‘క్రీపీ’ వచ్చింది. 1962లో పుట్టిన ఎమిల్ ఫెర్రిస్ చిన్నతనంలో దుకాణాల్లో వేలాడుతున్న పత్రికలివి. ఆవిడ పుస్తకంలో అధ్యాయాలను విడదీసేవి కూడా ఇలాంటి ముఖచిత్రాలే. అన్నీ ఆవిడ కల్పించి, బాల్‌పెన్‌తో గీసినవి.

ఇంకొక మాట, స్వతంత్ర కామిక్స్ అంటారే, దాని గురించి. అమెరికాలో కామిక్ పుస్తకం మొదటి నుంచీ పని పంచుకుని చేసే సరుకు. ఒకడు కథ రాస్తాడు, ఒకడు పెన్సిలుతో గీస్తాడు, ఒకడు దానిమీద ఇంకు పెడతాడు, ఒకడు అక్షరాలు రాస్తాడు, ఒకడు రంగులేస్తాడు. హక్కులన్నీ సంస్థవి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన ఇద్దరు కుర్రాళ్లు 1938లో 130 డాలర్లకు ఆ పాత్రను అమ్మేసుకున్నారు. స్వతంత్ర కళాకారుడు ఈ పనులన్నీ తానే చేసుకుంటాడు, హక్కు తన దగ్గరే ఉంచుకుంటాడు, దానికి బదులుగా నెలజీతం వదులుకుంటాడు. 1960ల చివర్లో చాటుమాటు పత్రికలతో మొదలైన ఈ దారిలో దయ్యాల కథలు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. స్టీవ్ బిసెట్ 1988లో మొదలుపెట్టిన ‘టాబూ’ అనే సంకలనంలోనే అలాన్ మూర్, ఎడీ క్యాంప్‌బెల్‌ల ‘ఫ్రమ్ హెల్’ సీరియల్‌గా మొదలైంది. చార్ల్స్ బర్న్స్ ‘బ్లాక్ హోల్’ పన్నెండు సంచికలు పూర్తి చెయ్యడానికి 1995 నుంచి 2004 దాకా పట్టింది. పన్నెండు సంచికలకు దాదాపు పదేళ్లు! చెయ్యి ఒక్కటే ఉన్నప్పుడు కాలం అలాగే పడుతుంది.

ఇక ఎమిల్ ఫెర్రిస్ దగ్గరికి వద్దాం.

తల్లిదండ్రులిద్దరూ కళాకారులే. తల్లి ఎలియనార్ స్పీస్ ఫెర్రిస్ చిత్రకారిణి. కలలో కనిపించేలాంటి వింత దృశ్యాలు వేస్తారు. తండ్రి బొమ్మలు, ఆటవస్తువులు రూపొందించేవాడు. పిల్లకు వెన్నెముక పక్కకు వంగిపోయే జబ్బు. తోటిపిల్లలు నడిచే వయసులో నడవలేకపోయింది. పరిగెత్తలేని పిల్ల కూర్చుని గీయడం నేర్చుకుంది. గీసిన బొమ్మలతో, చెప్పిన భయం కథలతో చుట్టూ పిల్లలను చేర్చుకుంది. కుటుంబం షికాగోలోని అప్‌టౌన్ అనే పేటకు చేరింది. అపలేచియన్ కొండల నుంచి పనికోసం దిగివచ్చిన బీద తెల్లవాళ్లు, తమ భూముల నుంచి పట్నాలకు తరలించబడ్డ అమెరికా ఆదివాసులు, నల్లవాళ్లు, లాటినోలు, యుద్ధం తర్వాత వచ్చిన జపాను సంతతివాళ్లు ఒకే మెట్ల మీద ఎక్కిదిగే పేట అది. టీవీలో పాత రాక్షసుల సినిమాలు వచ్చేవి. తోటి పిల్లలు రాక్షసుణ్ణి చూసి జడుసుకుంటే, ఈ పిల్ల రాక్షసుడి పక్షాన నిలబడి చూసేది. వంకర నడకను చూసి నవ్వే ఊళ్లో ఆ పిల్ల ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన ఆ జీవిని తన మనిషి అనుకోవడంలో వింతేముంది?

పెద్దయ్యాక ఆవిడ పత్రికలకు బొమ్మలు వేశారు, ఆటబొమ్మలకు నమూనాలు చెక్కారు. హోటళ్లలో పిల్లల భోజనంతో పాటు ఇచ్చే చిన్న బొమ్మలు ఉంటాయి కదా, అలాంటివి కూడా చేశారు. ఒంటరి తల్లి. చిన్న కూతురు. చేసిన పనికి డబ్బు వచ్చేది, పేరు వచ్చేది కాదు.

నలభయ్యో పుట్టినరోజు వేడుకలో దోమ కుట్టింది.

వెస్ట్ నైల్ వైరస్ అంటారు దాన్ని. 1937లో ఉగాండాలోని వెస్ట్ నైల్ జిల్లాలో ఒక స్త్రీ రక్తంలో మొదటిసారి కనిపించింది కాబట్టి ఆ పేరు. పక్షుల్లో ఉంటుంది, క్యూలెక్స్ దోమలు పక్షుల నుంచి మనుషులకు తెస్తాయి. మన జిల్లాల్లో ఎందరో పసిపిల్లల్ని బలితీసుకున్న మెదడువాపు జ్వరం ఉంది చూశారూ, ఆ వైరస్, ఇదీ దగ్గరి చుట్టాలు. అమెరికాలో ఇది 1999లో న్యూయార్క్‌లో మొదట బయటపడింది. మూడేళ్లలో మధ్య రాష్ట్రాలకు పాకింది. 2002లో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రమే. ఈ వైరస్ సోకిన ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి అసలు ఏమీ తెలియదు. మెదడుకు, నరాలకు ఎక్కేది నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికి.

ఆ తక్కువమందిలో ఎమిల్ ఫెర్రిస్ ఒకరు. కొన్ని వారాలకు ఆసుపత్రిలో చేరారు. మెదడు పొరలు, మెదడు రెండూ వాచాయి. తేరుకునేసరికి నడుము కింద నుంచి కాళ్లు చచ్చుబడ్డాయి. కుడిచేతికి పట్టు పోయింది. గీసే చెయ్యి అదే. మళ్లీ నడవలేకపోవచ్చని డాక్టర్లు చెప్పారు. అన్నం పెట్టే చెయ్యి, ఆరేళ్ల పిల్లను పెంచాల్సిన చెయ్యి, చిన్ననాటి నుంచీ లోకంతో మాట్లాడిన చెయ్యి ఒక్కసారిగా ఊరుకుంది.

ఆవిడ కూతురి సాయంతో పెన్నును టేపుతో చేతికి కట్టించుకున్నారు. కట్టిన పెన్నుతో గీతలు గీశారు. మొదట్లో ఆ గీతలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. జీవితమంతా గీసిన మనిషికి వంకర గీత కనిపించినప్పుడు కలిగే బాధ, ఎప్పుడూ గీయనివాళ్లకు కలగదు. అయినా ఆపలేదు. ఆ స్థితిలోనే షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పాఠశాలలో చేరారు. తల్లిదండ్రులు ఒకరినొకరు కలుసుకున్న పాఠశాల కూడా అదే. అక్కడ డిగ్రీ చదివి, తర్వాత రచనలో ఎం.ఎఫ్.ఎ. పూర్తి చేశారు. అది 2010. కాళ్లు కొంత తిరిగి వచ్చాయి. చేతికర్రతో నడవడం మొదలుపెట్టారు. ఆ దోమ కథను తర్వాత 2017లో షికాగో పత్రిక ఒకదానికి బొమ్మల కథగా గీసి ఇచ్చారు.

ఆ చేత్తో ఆవిడ ఎంచుకున్న పనిముట్టు బాల్‌పెన్. మన పిల్లలు లెక్కలు చేసుకునే రూళ్ల నోటుపుస్తకం, జేబులో పెట్టుకునే చవక పెన్ను. ఆ పుస్తకం మొత్తం అలాగే కనిపిస్తుంది. పేజీలో నీలం గీతలుంటాయి, పక్కన ఎర్రటి మార్జిన్ ఉంటుంది, కాగితాలు గుచ్చిన రంధ్రాలుంటాయి. ఆ గీతల మీద ఒక పిల్ల తన డైరీ రాసుకుంటూ, బొమ్మలు గీసుకుంటూ పోయినట్టుంటుంది. కామిక్ పుస్తకాల్లో ఉండే చదరాల గడులు ఇందులో చాలాచోట్ల లేవు. ఒక ముఖం పేజీ మొత్తం ఆక్రమిస్తుంది, దాని జుట్టు సందుల్లో మాటలు దూరతాయి. ఇంకో చోట మాటలు మెట్లుగా దిగుతాయి.

బాల్‌పెన్‌తో బొమ్మ వేయడం ఎంత కష్టమో గీసి చూసినవాళ్లకు తెలుస్తుంది. దాని గీత ఒకే మందం. కుంచెలాగా నొక్కితే లావు, తేలిస్తే సన్నం అయ్యేది కాదు. నీళ్లు పోసి పలుచన చెయ్యడానికి లేదు. చెరపడానికి లేదు. నీడ కావాలంటే గీత పక్కన గీత, దాని మీద ఏటవాలుగా ఇంకో వరస, దాని మీద ఎదురు వరస, ఇలా అల్లుకుంటూ పోవాలి. ఒక్క బుగ్గకు గుండ్రదనం రావాలంటే వందల గీతలు పడతాయి. అలాంటివి దాదాపు నాలుగు వందల పేజీలు. రోజుకు పదహారు గంటలు పనిచేసిన రోజులున్నాయని ఆవిడ చెప్పుకున్నారు. పట్టు పోయిన వేళ్లతో ఆ పని చేశారన్నది గుర్తుపెట్టుకుని ఆ బొమ్మలు చూస్తే, గీతలు మరోలా కనిపిస్తాయి. ప్రతి నీడలోనూ ఒక ఒత్తిడి ఉంది. యంత్రంతో వేసిన రంగుకు అది రాదు. కథ రాసిన చెయ్యి, గీసిన చెయ్యి, అక్షరాలు దిద్దిన చెయ్యి, రంగులు నింపిన చెయ్యి ఒకటే కావడం వల్ల వచ్చిన గుణం అది. పని పంచుకునే పద్ధతిలో ఈ పుస్తకం పుట్టేదే కాదు.

ఇప్పుడు కథ. 1968 షికాగో. కారెన్ రెయెస్ అనే పదేళ్ల పిల్ల తల్లితో, అన్నతో కలిసి ఒక పాత భవనం నేలమాళిగ వాటాలో ఉంటుంది. తనను తాను తోడేలు పిల్లగా గీసుకుంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, పైకి లేచిన రెండు కోరలు, పెద్ద చెవులు. ఈ పుస్తకంలో ఎక్కడో తప్ప ఆ పిల్ల మనిషి ముఖం మనం చూడం. ఆరంభమే ఒక పీడకల. కారెన్ ఒళ్లంతా వెంట్రుకలు మొలిచి అరుస్తుంటే, కాగడాలు పట్టుకుని వీధిజనం వేటకు వస్తారు. ఆ జనం దగ్గర కోరల్లేవు, గోళ్లు లేవు. మామూలు మనుషులు. ఈ పుస్తకంలో భయం పుట్టేది వాళ్లను చూసి.

పై వాటాలో ఉండే ఆంకా సిల్వర్‌బర్గ్ అనే అందమైన, దిగులుగా ఉండే స్త్రీ తూటా తగిలి చనిపోతుంది. ఆత్మహత్య అని పోలీసులు ఫైలు మూసేస్తారు. కారెన్ నమ్మదు. అన్న పాత కోటు, టోపీ వేసుకుని డిటెక్టివ్‌గా బయలుదేరుతుంది. ఆంకా గొంతు రికార్డయిన టేపులు దొరుకుతాయి. వాటిని వింటుంటే పుస్తకం షికాగోను వదిలి, నాజీలు రాకముందూ వచ్చాకా బెర్లిన్‌లోకి వెళుతుంది. ఆంకా ఒక వేశ్యాగృహంలో పెరిగిన యూదు పిల్ల. పిల్లల్ని సరుకుగా చూసిన లోకంలోంచి మనుషుల్ని సరుకుగా రైళ్లలో ఎక్కించిన లోకంలోకి ఆ పిల్ల ఎలా నడిచిందో అక్కడ చదవాలి. చదవడం తేలిక కాదు. నేను కొన్ని పేజీల దగ్గర పుస్తకం మూసి లేచి వెళ్లిపోయాను, మళ్లీ వచ్చాను.

తోడేలు పిల్లకూ నాజీ బెర్లిన్‌కూ ముడేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ముడి ఎమిల్ ఫెర్రిస్ ఊహించి వేసింది మాత్రమే కాదు, అసలే ఉంది. హాలీవుడ్ తోడేలు మనిషికి మనకు తెలిసిన రూపం ఇచ్చిన సినిమా 1941లో వచ్చిన ‘ద వుల్ఫ్ మ్యాన్’. దాని కథ రాసినవాడు కర్ట్ సియోద్‌మాక్. డ్రెస్డెన్‌లో పుట్టిన యూదుడు, నాజీలు అధికారంలోకి రాగానే జర్మనీ వదిలి పారిపోయినవాడు. ఆ సినిమాలో తోడేలు ఎవర్ని చంపబోతుందో వాళ్ల అరచేతిలో ఒక నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. నిన్నటిదాకా పక్కింటివాడుగా ఉన్న మనిషి రాత్రికి రాత్రి మృగమైపోవడం, చంపదలచినవాళ్ల ఒంటి మీద నక్షత్రం వేసి గుర్తుపట్టడం. సియోద్‌మాక్‌కు ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పనక్కర్లేదు. మనం పిల్లల భయంగా కొట్టిపారేసిన బొమ్మలో చరిత్ర అంతా ఉంది. 1954 నియమావళి తోడేలు మనిషిని నిషేధించినప్పుడు ఏం పోగొట్టుకున్నారో నాకు ఈ పుస్తకం చదివాకే పూర్తిగా అర్థమైంది.

నా మనసును పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. కారెన్ తల్లికి క్యాన్సర్ వస్తుంది. రాక్షసులు చావరు అని కారెన్‌కు తెలుసు. కాటు పడితే తాను రాక్షసి అవుతుంది. అప్పుడు అమ్మను కొరకవచ్చు, అన్నను కొరకవచ్చు, అందరూ ఎప్పటికీ ఉండిపోతారు. ఆ పిల్ల రాత్రుళ్లు కాటు కోసం ఎదురుచూస్తుంది. దయ్యాల కథల్లో కాటు అంటే శాపం. ఇక్కడ ఒక పదేళ్ల బిడ్డ దాన్ని మందులా అడుగుతోంది. రాసిన మనిషి స్వయంగా ఒక కాటుతో కుప్పకూలి, కాళ్లూ చెయ్యీ పోగొట్టుకుని, ఆ చేత్తోనే ఇది గీశారు. కాటు మేలు చేసిందని నేననను. ఏ జబ్బూ ఎవరికీ మేలు చెయ్యదు. ఆ జబ్బు రాకముందే ఆవిడ గొప్ప చిత్రకారిణి, జీవనం కోసం ఆటబొమ్మలు చెక్కుతూ ఉండిపోయిన చిత్రకారిణి. కానీ ఆసుపత్రి మంచం మీది నుంచి చూసిన చావును ఆ పిల్ల కోరికలో పెట్టగలిగారు. అందుకే కారెన్ మాట అబద్ధంగా వినిపించదు.

ఆ పిల్లకు ఆడపిల్లలంటేనే ఇష్టం. 1968లో, కాథలిక్ ఇంట్లో ఆ సంగతి బయటికి చెప్పడం కన్నా నేను తోడేలును అని చెప్పడం తేలిక. ఆ ఏడు ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన వార్త కూడా ఈ డైరీలోకి వస్తుంది. అన్న డీజ్ మంచివాడు, చెడ్డవాడు, చెల్లిని ప్రాణంగా చూసుకునేవాడు. చిత్రకళ కూడా తెలిసినవాడు. చెల్లెలికి షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ చూపించి, పాత చిత్రాలను ఎలా చూడాలో నేర్పుతాడు. కారెన్ వాటిని నోటుపుస్తకంలో బాల్‌పెన్‌తో మళ్లీ గీస్తుంది. మ్యూజియం గోడ మీది నూనెరంగుల చిత్రం, చవక పత్రిక ముఖచిత్రం ఒకే పెన్నుతో పక్కపక్కన కూర్చుంటాయి. ఏది గొప్పదో ఆ పిల్ల ఎక్కడా చెప్పదు. అడిగే ఆలోచన కూడా రాదు.

ఇలాంటి పుస్తకాన్ని 48 మంది తిప్పి పంపారు. వాళ్ల ఇబ్బంది నాకు కొంత అర్థమవుతుంది. ఇంత మందం, ఇంత పెద్ద సైజు, రచయితకు పేరు లేదు, యాభై దాటిన వయసు, హత్యకథా, చరిత్రా, బాల్యకథా, దయ్యాల కథా ఏ అరలో పెట్టాలో తెలియదు. చివరికి తీసుకున్నది సియాటిల్‌లోని ఫాంటాగ్రాఫిక్స్. 1976లో గ్యారీ గ్రోత్, మైకేల్ కాట్రన్ అనే ఇద్దరు యువకులు మొదలుపెట్టిన సంస్థ. డబ్బు లేక మూతపడే స్థితికి ఒకటికి రెండుసార్లు వచ్చి, పాఠకులు ఆదుకుంటే నిలబడింది. అలాంటి సంస్థ ఇంత ఖరీదైన పుస్తకం అచ్చువేసింది, ఆ అచ్చు కాస్తా పనామాలో ఆగింది.

చివరికి 2017 ఫిబ్రవరిలో పుస్తకం దుకాణాలకు చేరింది. తర్వాత జరిగింది తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే బహుమతుల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది. ‘మౌస్’ రాసిన ఆర్ట్ స్పీగల్‌మన్ బహిరంగంగా మెచ్చుకున్నారు. ఆ ఏడే రెండు ఇగ్నాట్జ్ బహుమతులు. 2018లో మూడు ఐస్నర్ బహుమతులు: కొత్త గ్రాఫిక్ నవలకు, రాసి గీసిన కళాకారిణికి, రంగులకు. 2019లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ ఉత్సవంలో ఆ ఏటి ఉత్తమ గ్రంథానికి ఇచ్చే బంగారు బహుమతి. ఈ ఐస్నర్ ఎవరో కూడా చెప్పాలి. కామిక్స్ తయారీని పని పంచుకునే కార్ఖానాగా మార్చిన మొదటివాళ్లలో విల్ ఐస్నర్ ఒకడు, 1930లలో. అదే ఐస్నర్ 1978లో, అరవై ఏళ్లు దాటాక, తాను పెరిగిన బీదల వాడ గురించి ఒంటరిగా రాసి గీసి పుస్తకం వేశాడు. యాభై దాటి, తన పేట గురించి ఒంటరిగా గీసిన ఎమిల్ ఫెర్రిస్‌కు ఆయన పేరిట ఉన్న బహుమతి వచ్చినందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది.

మొదటి భాగం హత్య ఎవరు చేశారో తేల్చకుండా ఆగుతుంది. రెండో భాగం వెంటనే వస్తుందని ప్రకటించారు. రాలేదు. ఒక ఏడు, ఇంకో ఏడు, చివరికి 2024 మేలో వచ్చింది. ఏడేళ్లు ఆలస్యమని విసుక్కున్న పాఠకులను నేను చూశాను. వాళ్లతో ఏకీభవించలేను. సహాయకులను పెట్టి గీయించి ఉంటే రెండేళ్లలో వచ్చేదేమో, కానీ ఆ పేజీల్లో ఆ ఒత్తిడి ఉండేది కాదు. ఒక చెయ్యి గీసే పుస్తకం ఆ చేతి వేగంతోనే వస్తుంది. రెండో భాగంలో 1968 ఆగస్టు వస్తుంది, షికాగో వీధుల్లో యుద్ధాన్ని వద్దన్న యువకుల మీద పోలీసుల లాఠీలు పడిన రోజులు. తల్లి లేని ఇంట్లో కారెన్ ఇంకొంచెం ఎదిగింది. ఆంకా టేపులు ఇంకా మిగిలే ఉన్నాయి.

చదవాలనుకునే శ్రోతలకు రెండు మూడు సూచనలు చేసి ముగిస్తాను. ఇది పిల్లలకు ఇచ్చే పుస్తకం కాదు, ఆంకా బాల్యం చదవడానికి పెద్ద గుండె కావాలి. రెండు భాగాలూ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. పేజీలకు అంకెలు వేయలేదు, కాబట్టి ఎక్కడ ఆపారో గుర్తుకు ఒక కాగితం ముక్క పెట్టుకోండి. మాటలు గబగబా చదివి పేజీ తిప్పెయ్యకండి. ఏదైనా ఒక ముఖం దగ్గర ఆగి, కంటి కింది నీడను దగ్గరగా చూడండి, అందులో ఎన్ని గీతలున్నాయో తెలుస్తుంది. మీ ఇంట్లో బొమ్మలు గీసే అబ్బాయో అమ్మాయో ఉంటే, వయసు వచ్చాక ఈ పుస్తకం వాళ్ల చేతికి ఇవ్వండి. అందాకా వాళ్లకు బాల్‌పెన్నులు, నోటుపుస్తకాలు కొనిపెడుతూ ఉండండి.